కథలోంచి ఒక కారణం తీసేసి చూడండి

కార్యకారణ సంబంధం చెప్పడానికి నేను ఎనిమిదో తరగతిలో బర్మాలోని రంగూన్‌కు కూలీల వలసనే ఎంచుకుంటాను. ఉత్తరాంధ్ర పిల్లలకు ‘రంగం (రంగూన్) వెళ్లిన తాత’ కొత్తవాడు కాదు.

ముందు రెండు పేజీల కథ మీరే రాసుకోండి. నా కథలో అప్పన్న, కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర బయానా అప్పుగా పుచ్చుకుని, విశాఖలో స్టీమరెక్కి, రంగూన్ రేవులో బస్తాలు మోస్తాడు. మనిషి కల్పితమే గాని సంఘటనలు, తేదీలు నిజమైనవే ఉండాలి.

1930 మే నెల దగ్గర నింపాదిగా చదవండి. రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. ఇక్కడ చదవడం ఆపి, తర్వాత ఏమవుతుందో పిల్లలనే రాయమనండి. అల్లర్లు జరుగుతాయని కొందరైనా పసిగడతారు. ఆ కోపం యజమానుల మీదికి పోకుండా తోటి కూలీల మీదికి ఎందుకు మళ్లిందని అడగండి. పీరియడంతా దీనికే పోయినా నష్టం లేదు.

మరునాటి పీరియడులో, రంగూన్ మీద బాంబులు పడిన 1941 డిసెంబరు 23 దగ్గరికి రండి. అప్పన్న ఊరికి ఎందుకు తిరిగొచ్చాడని అడగండి. ‘జపాన్ బాంబులు వేసింది, వచ్చేశాడు’ అంటారు పిల్లలు. ఒప్పుకోకండి. ఓడ ఉండగా కొండల మీదుగా ఇండియాకు నడిచి రావడమెందుకని అడగండి. ఓడల్లో అందరికీ చోటు లేదు, టికెట్టుకు డబ్బూ లేదు.

ఇప్పుడు కారణాలను ఒక్కో చీటీ మీద రాయించి బల్లమీద వరసగా పెట్టించండి. ‘మేస్త్రీ అప్పు’ అని రాసిన చీటీ తీసేయండి. 1930 గొడవల తర్వాత అప్పన్న అక్కడే ఉంటాడా? వాదించుకోనివ్వండి.

ఇంటిపనిగా, ఉద్యోగం పోయిన బర్మా కూలీ వైపు నుంచి 1930 మే నాటి ఆ రోజులను రాసుకురమ్మనండి.