పీహెచ్‌డీ స్కాలర్లూ, నోటిమాట నమ్మకండి, రాయించుకోండి

పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి గైడ్ ఏం చెప్తే అది, ఆఫీసు సెక్షన్‌లో ఏమంటే అది అని నెట్టుకొచ్చేవాళ్లే మన క్యాంపస్‌లలో ఎక్కువ. అలా వద్దు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే ఢిల్లీలోని యూజీసీ తెచ్చిన 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్, మీ యూనివర్సిటీ సొంత రూల్స్ రెండూ డౌన్‌లోడ్ చేసుకుని ఒక సాయంత్రం కూర్చుని చదవండి.

ముందు డబ్బు సంగతి. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌లో మంచి ర్యాంకు వస్తే మొదటి రెండేళ్లు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఆ తర్వాతి సీనియర్ ఫెలోషిప్ ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. యూజీసీ ఫెలోషిప్ పడకపోతే ఢిల్లీకి మెయిల్ పెట్టే ముందు మీ ఆఫీసులోనే అడగండి, ఎందుకంటే ప్రతినెలా కెనరా బ్యాంక్ పోర్టల్‌లో యూనివర్సిటీ మీ పేరు కన్ఫర్మ్ చేయాలి, ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు అప్రూవ్ చేయాలి, అందులో ఒక్కరు సెలవులో ఉన్నా మీ నెల ఆగిపోవచ్చు. ఆ ఇద్దరెవరో కనుక్కోండి. రెండేళ్లకు ఎస్‌ఆర్‌ఎఫ్ దానంతటదే రాదు, కమిటీ కూర్చోవాలి, కాబట్టి కాగితాలు ముందే కదపండి. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వస్తుంది, ఇస్తామన్న రూము మీరే వద్దంటే పోతుంది. రూములు లేవని వార్డెన్ చెప్పి పంపిస్తే సరిపోదు, రాయించుకునే రండి.

నెట్ పాస్ కానివాళ్లకు సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకు ఇచ్చే ఫెలోషిప్ ఏళ్ల తరబడి 8,000 దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో అద్దె కట్టి దాంతో బతకమనడం అన్యాయం. 2015లో అదీ ఎత్తేస్తామంటే విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. అందుకే అర్జీ ఏదైనా ఒక్కరే ఇవ్వకండి, డిపార్ట్‌మెంట్ స్కాలర్లంతా సంతకాలు పెట్టి ఇవ్వండి, అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

గైడ్‌తో ఇబ్బందా? ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీ పని చూపించాలి, అక్కడ ఏమన్నారో మినిట్స్ కాపీ తీసుకోండి, రేపు పని జరగలేదని ఎవరైనా అంటే మీకు అదే ఆధారం. ట్యుటోరియల్స్, ల్యాబ్, పేపర్లు దిద్దడం లాంటివి వారానికి 4 నుంచి 6 గంటలు ఇవ్వొచ్చని రూల్. అంతకు మించితే మర్యాదగానే మెయిల్‌లో చెప్పండి, చేసిన గంటలకు సర్టిఫికెట్ అడగండి. ఆడపిల్లలకు 240 రోజుల ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు, గడువులో అదనంగా రెండేళ్లు ఉన్నాయి. ఇది ఎవరి దయా కాదు. అడిగినా పని కాకపోతే యూజీసీ 2023 రూల్స్ ప్రకారం స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీకి ఇవ్వండి, వాళ్లు 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి, దాంతోనూ తృప్తి లేకపోతే అప్పీలు వినడానికి అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు.

ఇక ఉద్యోగం. పీహెచ్‌డీ ఒక్కదాన్నే నమ్ముకోకండి, నెట్ గానీ, రాష్ట్ర స్థాయిలో అలాంటిదే అయిన సెట్ గానీ మొదటి రెండేళ్లలోనే రాసేయండి. తెలంగాణ సెట్ ఉస్మానియా, ఆంధ్రా సెట్ ఆంధ్రా యూనివర్సిటీ పెడతాయి. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ అచ్చయి తీరాలనే షరతు యూజీసీ 2022లోనే తీసేసింది, మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతోందేమో చూసుకోండి, అడిగినా సరే డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే జర్నల్‌కి మాత్రం పంపకండి, ఇంటర్వ్యూలో మిమ్మల్ని ముంచేది అదే. పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం, పోస్ట్‌డాక్ కావాలంటే థీసిస్ సబ్మిషన్‌కి ఏడాది ముందే ప్రొఫెసర్లకు రాయడం మొదలుపెట్టండి, ప్రతి మెయిల్‌లో వాళ్ల ఏ పేపర్ మీ పనికి దగ్గరగా ఉందో రెండు వాక్యాల్లో చెప్పండి.