పాత దారి వెతకాలంటే ముందు రేవు వెతకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత దారుల చరిత్ర రాయబోయేవారు సాధారణంగా పటం మీద రెండు ఊళ్లను గీతతో కలిపి మొదలుపెడతారు. తప్పు అక్కడే మొదలవుతుంది. బండి ఏరు ఎక్కడ దాటగలిగింది, ఎద్దు ఏ కనుమ ఎక్కగలిగింది అన్నదే దారిని నిర్ణయించింది. ఇచ్ఛాపురం నుంచి కోస్తా వెంట దిగేవాళ్లకు బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి దాటక తప్పదు. ముందు రేవులూ (ఏరు దాటే చోట్లు) కనుమలూ తేల్చుకోండి, ఊళ్లు తర్వాత.

మొదటి ప్రయత్నానికి నౌపడా–పర్లాకిమిడి దారి బాగుంటుంది. నౌపడా ఉప్పుకు పేరున్న చోటు. అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, సుమారు 40 కిలోమీటర్లు. అంతకుముందు బండ్లు ఎటు వెళ్లేవన్నది మీరు తేల్చాల్సిన ప్రశ్న. రైలు పట్టాలే పాత బాట మీద వేశారని అనుకోకండి. రైలుకు వాలు తక్కువుండాలి, ఎడ్లకు నీళ్లూ మేతా దొరకాలి. బండి గంటకు 3–4 కిలోమీటర్లు నడుస్తుంది, రోజుకు 20–25 దాటదు. అంటే మధ్యలో ఒక రాత్రి మజిలీ ఉండి తీరాలి. చెరువు, సత్రం, వారపు సంత, ఈ మూడింట్లో రెండైనా ఉన్న ఊరి కోసం చూడండి.

కాగితాల దగ్గర చాలామంది జిల్లా పేరుతోనే దారి తప్పుతారు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 1936లో ఒడిశా విడిపోయేదాకా ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పాలకొండ విశాఖపట్నం జిల్లాలోవి. అందుకే చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గంజాం, విశాఖ రికార్డులు అడగాలి, శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే పేరుతో వెతకాలి. 1882 నాటి గంజాం మాన్యువల్, 1907 నాటి విశాఖపట్నం గెజిటీరు కూడా చూడండి.

తెలుగులో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్రను మించిన ఆధారం దొరకదు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, 1831లో పూరీ మీదుగా ఈ కోస్తా దారినే తిరిగి వెళ్లాడు. మజిలీ మజిలీకి ఐదు గడులతో పట్టిక వేసుకోండి: తేదీ, ఊరు, ఆయన చెప్పిన దూరం, దాటిన ఏరు, బస. ఆమడను నేరుగా కిలోమీటర్లలోకి మార్చకండి. ఎనిమిది మైళ్లనీ పది మైళ్లనీ రకరకాల లెక్కలున్నాయి. ఇప్పటికీ అదే చోట ఉన్న రెండు ఊళ్ల మధ్య దూరంతో పోల్చి, ఆ పుస్తకంలో ఆమడ ఎంతో ముందు తేల్చుకోండి.

సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు పటాల్లో శ్రీకాకుళం, విజయనగరం, సాలూరు 65ఎన్ నంబరు షీట్లలో, కళింగపట్నం, పలాస 74బిలో, ఇచ్ఛాపురం 74ఎలో వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు పటాలతో మాత్రం జాగ్రత్త. మద్రాసు రేఖాంశం అప్పట్లో దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువగా లెక్కకట్టారు. మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు పైనే. పటం మీది గళ్లను నమ్మి క్యూజిఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే దారి పక్క ఊళ్లోకి జరిగిపోతుంది. గుళ్లు, కొండ శిఖరాలు, పెద్ద చెరువుల తూములు, ఇలా కదలనివి ఎనిమిది పది ఎంచుకుని వాటితో సరిపెట్టండి. ఏటి ఒడ్డును ఎప్పుడూ గుర్తుగా తీసుకోవద్దు, వంశధార, నాగావళి గట్లు మారుతుంటాయి. పాత బాట పక్క చెట్ల వరుసల కోసం గూగుల్ ఎర్త్‌లో 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ముందటి చిత్రాలు చూడండి. తర్వాతి వాటిలో ఉద్దానం వైపు చాలా చెట్లు కనిపించవు.

శ్రీకూర్మం, ముఖలింగం శాసనాల్లో దాతల ఊళ్లు యాత్రికులు ఎటు నుంచి వచ్చారో చెబుతాయి. శాసనంలోని శక సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి 78 కలపండి. గంగరాజుల అంకాల్లో (పాలనా సంవత్సరాల లెక్కలో) 1, 6తోనూ 0తోనూ ముగిసేవి (10 తప్ప) లెక్కలోకి రావు. కాబట్టి 19వ అంకం అంటే పాలనలో 16వ ఏడు. రాతి మీద సుద్ద, నూనె పూయకండి, ఉదయపు ఏటవాలు వెలుతురులో ఫోటో తీస్తే అక్షరాలు తేలుతాయి. శాలిహుండం లాంటి రక్షిత స్థలంలో పెంకు ముక్క కూడా ఎత్తకూడదు.

పెద్దవాళ్లను "పాత రోడ్డు ఎక్కడ తాతా?" అని అడిగితే ఇప్పటి తారురోడ్డే చూపిస్తారు. "సంతకు ఏ దారిన వెళ్లేవారు? వానాకాలం ఏరు ఎక్కడ దాటేవారు? ఎడ్లు ఎక్కడ విప్పేవారు?" అని అడగండి.

పిల్లలకు నేర్పడానికి ఎనిమిది, తొమ్మిది తరగతులు సరైనవి. నాలుగు పీరియడ్లు, ఒక నడక చాలు. ఐదుగురేసి జట్లు చేసి పటం, కొలత, ఫోటో, ప్రశ్నలు, రాత తలా ఒకటి అప్పగించండి. నడక నవంబరు–ఫిబ్రవరి మధ్య, ఉదయం ఆరున్నరకు, నాలుగు కిలోమీటర్లకు మించకుండా. తలా లీటరు నీళ్లు. జాతీయ రహదారి దాటాల్సిన దారి వద్దు, రేవును గట్టు మీద నుంచే చూపించాలి. తిరిగొచ్చాక ఒక్కొక్క ముక్కను ఆధారాన్ని బట్టి గీయించండి. కాగితం, నేల రెండూ చెప్పినచోట నిండు గీత, ఒకటే చెప్పినచోట విరుపు గీత, ఊహైతే చుక్కలు. పిల్లలు మొత్తం నిండు గీతే గీయాలని ఉబలాటపడతారు. ప్రతి ముక్కకూ ఆధారం పక్కనే రాయించండి, రాయలేని చోట చుక్కలే ఉంచమనండి.