తేలిక పెల్లెట్‌తో ఎక్కువ వేగం: ఎయిర్ రైఫిల్‌కు గురి ఎట్లా కుదుర్చుకోవాలి

ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లు మొదట చూసేది డబ్బా మీది వేగం. సెకనుకు 1,000 అడుగులు, అంటే సుమారు 305 మీటర్లు అని ఉంటుంది. ఇలాంటి అంకెలు చాలావరకు సీసం లేని, 0.35 గ్రాముల దగ్గరి మిశ్రలోహపు పెల్లెట్లతో (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండ్లతో) కొలిచినవి. అదే పెల్లెట్ వేసి 20 మీటర్ల దూరంలో అట్ట పెట్టి కొడితే గుంపు, అంటే అట్ట మీద పడ్డ రంధ్రాల కూటమి, చెదిరిపోతుంది. తేలిక పెల్లెట్‌తో మంచి గురి సాధ్యమే. కాకపోతే వేగానికి ఒక హద్దు ఉంది, పెల్లెట్ల ఎంపికకు కొంత ఓపిక కావాలి.

అమెరికాలో పొలాలు పాడుచేసే చిన్న జంతువులను కొట్టేవాళ్లు ఇంట్లోనే తూటాలు నింపుకుంటారు. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ అనే తూటా 48 గ్రెయిన్ల (సుమారు 3.1 గ్రాముల) గుండును సెకనుకు 4,110 అడుగుల (సుమారు 1,250 మీటర్ల) వేగంతో వదిలేది. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు నింపడం 1959 ఆయుధ చట్టం కింద నేరం, ఆ జోలికి పోవద్దు. పైగా తేలిక గుండుతో ఎక్కువ వేగం అనే ఆ లెక్క పెల్లెట్‌కు పనికిరాదు. రైఫిల్ గుండు మొనదేలి, వేగంగా గిరగిర తిరుగుతూ ధ్వనిని దాటినా నిలకడగా పోతుంది. పెల్లెట్ నడుము సన్నం, వెనుక అంచు పల్చన. ధ్వని వేగం దగ్గరికి వచ్చేసరికి గాలి ఒత్తిడికి ఊగిపోతుంది.

20 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. వరంగల్ మే నెల 42 డిగ్రీలలో అది 356 దాకా పోతుంది. ఇబ్బంది మాత్రం అంతకంటే ముందే, 290 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. అందుకే 4.5 మిల్లీమీటర్ల తేలిక సీసం పెల్లెట్‌కు 240 నుంచి 275 మధ్య వేగం పెట్టుకోండి. 10 మీటర్ల పోటీల్లో 0.53 గ్రాముల చదును తల పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల దగ్గర పోతుంది. రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ పోటీలోనే.

చట్టం హద్దు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్లు దాటినా, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. శక్తి లెక్కకు బరువును కిలోల్లోకి మార్చి, వేగం వర్గంతో గుణించి సగం చేయాలి. 0.45 గ్రాముల పెల్లెట్ 250 మీటర్ల వేగంలో 14 జౌళ్లు. 298కి పోతే 20 జౌళ్లు. 0.53 గ్రాముల పెల్లెట్ అయితే 275 దగ్గరే 20కి చేరుతుంది.

పెల్లెట్లు ఏరడం

గురిలో సగం పని ఇక్కడే అయిపోతుంది. 0.45 గ్రాముల (7 గ్రెయిన్ల) సీసం పెల్లెట్లు రెండు మూడు రకాలు, పోల్చడానికి 0.51 నుంచి 0.55 గ్రాముల గుండ్రని తల రకం ఒకటి తెచ్చుకోండి. తల కొలత 4.49, 4.50, 4.51, 4.52 అని డబ్బా మీద రాసి ఉంటే వేర్వేరు కొలతలు తీసుకోవడం మంచిది. ఒక్కో బ్యారెల్‌కు (రైఫిల్ గొట్టానికి) ఒక్కో కొలత నప్పుతుంది. చేతితో లోపలికి నెడితే కొద్దిగా బిగువుగా పోవాలి. జారి పడిపోతే తల చిన్నదన్నట్టు. బలంగా నొక్కితే తప్ప పోకపోతే అంచు నలుగుతుంది.

మొదట తెల్ల గుడ్డ మీద పోసి, వెనుక అంచు వంగినవీ తల మీద గీతలున్నవీ తీసేయండి. ఈ అంచే గాలిని ఆపి బ్యారెల్ లోపలి మెలిక గాట్లలో పట్టు కుదురుస్తుంది. అది ఒకవైపు నొక్కుకుపోతే గాలి అటు నుంచి జారి, పెల్లెట్ బయటికి వచ్చేటప్పుడే పక్కకు తోస్తుంది. తర్వాత కొద్దిగా ఏటవాలుగా పెట్టిన అద్దం పలక మీద ఒక్కొక్కటే దొర్లించండి. పెల్లెట్ వంపు తిరిగి దొర్లుతుంది కదా, ఒకే కొలతవి ఒకే చోటికి చేరుతాయి. దూరంగా పోయి ఆగినవి పక్కన పెట్టండి.

తూకానికి అవుసులాయన వాడే 0.001 గ్రాము చూపే డిజిటల్ కాటా కావాలి. 0.01 చూపేది పనికిరాదు, 0.45 గ్రాములలో అది 2 శాతం. బరువు 2 శాతం మారితే వేగం సుమారు ఒక శాతం, అంటే రెండున్నర మీటర్లు మారుతుంది. 0.005 గ్రాముల తేడాతో గుంపులు చేసి, ఒక్కో గుంపును వేరే డబ్బాలో పెట్టండి. సీసం పొడి ఎక్కువగా ఉంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో మెల్లగా కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, 500 పెల్లెట్లకు రెండు చుక్కల పల్చని నూనె పట్టించండి. ఆ నీళ్లు బాయి దగ్గర, కూరగాయల మడిలో పోయొద్దు. పెల్లెట్లు నోట్లో పెట్టుకోవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలను దగ్గరికి రానీయొద్దు.

రైఫిల్ సిద్ధం చేయడం

కొత్త బ్యారెల్‌లో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. మెత్తని గుడ్డ ముక్కలను దారంతో లోడింగ్ వైపు నుంచి మూతి వైపుకు లాగండి. ఇనుప బ్రష్ వాడితే గాట్లు అరిగిపోతాయి. పెల్లెట్ రకం మార్చినప్పుడల్లా మొదటి 15, 20 షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్‌కు కొత్త సీసం పట్టేదాకా గుంపు చెదురుతూనే ఉంటుంది.

బ్యారెల్ వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్‌కు మరీ తేలిక పెల్లెట్ హాని చేస్తుంది. స్ప్రింగ్ వదిలిన పిస్టన్‌కు ముందున్న గాలే దిండులాగా పనిచేయాలి. పెల్లెట్ చటుక్కున పారిపోతే ఆ దిండు మిగలదు, పిస్టన్ పోయి సిలిండర్ చివర గుద్దుకుంటుంది. గట్టి టప్ శబ్దం, చేతికి దెబ్బలాంటి కుదుపు వస్తే అదే కారణం. సీల్ చిరుగుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. 0.35 గ్రాముల పెల్లెట్లను ఇలాంటి రైఫిల్‌లో వాడకపోవడమే నయం. పెల్లెట్ వేయకుండా ఉత్త షాట్లు అసలే వద్దు.

పొగ, కాలిన వాసన, ఉన్నట్టుండి వేగం ఎగిరిపడటం కనిపిస్తే సిలిండర్‌లో నూనె మండుతోందని అర్థం. మామూలు మెషీన్ ఆయిల్ ఎక్కడా పోయొద్దు. గాలి కారుతోందా అని చూడటానికి బ్యారెల్ కీలు దగ్గర టిష్యూ ముక్క పెట్టి కాల్చండి. అది కదిలితే అక్కడి రబ్బరు వాషర్ మార్చాలి. రైఫిల్ కర్ర భాగానికి ఉన్న మరలు, స్కోప్ (గురి చూసే దుర్బిణి) మరలు ప్రతి 100 షాట్లకు ఒకసారి బిగించి చూడండి.

సిలిండర్‌లో గాలి నింపే రకానికి ఎండాకాలం వేరే జాగ్రత్త కావాలి. 25 డిగ్రీలలో 200 బార్ ఒత్తిడికి గాలి నింపి, 55 డిగ్రీల కారు డిక్కీలో పెడితే 220 బార్ అవుతుంది. సిలిండర్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటనీయొద్దు.

లక్ష్యం వెనుక ఏం పెట్టాలి

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ ఊళ్లలో గ్రానైట్ బండలు, షాబాద్ పలకలు ఎక్కడ చూసినా ఉంటాయి. వాటిని వెనుక పెట్టొద్దు. పెల్లెట్ తిరిగి వచ్చి కన్ను పోగొట్టగలదు. ఒక చెక్క పెట్టెలో 30 సెంటీమీటర్ల మందాన పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనుక 3 మిల్లీమీటర్ల ఇనుప పలక, దాని వెనుక ఇసుక నింపిన గోనె సంచులు పెట్టండి. కండ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. అవతల దారి, పశువులు, ఇండ్లు ఉండకూడదు.

పరీక్ష

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ను నీడలో, మూతికి అర మీటరు నుంచి మీటరు దూరంలో పెట్టండి. ట్యూబ్‌లైట్ల కింద తప్పు అంకెలు వస్తాయి. ఒకే తూకపు డబ్బా నుంచి 10 పెల్లెట్లు కాల్చి, అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వేగాల తేడా రాసుకోండి. 5, 6 మీటర్లలోపు ఉంటే బాగుంది. 10 మీటర్ల తేడా వస్తే ఎక్కడో నూనె మండటమో, గాలి కారడమో, పెల్లెట్ల కొలత తేడానో ఉంది. 20 మీటర్ల దూరంలో ఆ తేడా పైకీ కిందికీ సుమారు 3 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది.

గుంపు కొలవడానికి పొద్దుగాల ఆరు, ఎనిమిది మధ్య కాల్చండి. వడగాలి లేచాక తేలిక పెల్లెట్‌ను ఏ రైఫిల్‌తోనూ సరిగా పోల్చలేరు. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టి ఆసరా మీద పెట్టి బిగించి పట్టుకోవద్దు. ముందు కర్రను తెరిచిన అరచేయి మీద ఆనించి, భుజానికి తేలికగా తాకించి, ప్రతిసారీ ఒకే చోట పట్టుకోవాలి. కుదుపును ఆపితే రైఫిల్ ప్రతి షాట్‌కు ఒక్కోరకంగా ఎగురుతుంది. స్కోప్ దూరం సర్దుబాటు లేనిదైతే కన్ను కొంచెం పక్కకు జరిగినా గురి జరుగుతుంది.

ఒక్కో రకానికి 5 షాట్ల గుంపులు నాలుగు కొట్టండి. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి 4.5 మిల్లీమీటర్లు తీసేస్తే గుంపు కొలత వస్తుంది. నాలుగింటి సగటు చూడండి, ఒక మంచి గుంపును నమ్మొద్దు. 20 మీటర్ల దగ్గర 15 మిల్లీమీటర్లలోపు వస్తే ఆ పెల్లెట్‌నే ఉంచుకోండి. 25 మీటర్లు దాటాక తేలిక పెల్లెట్ వేగం త్వరగా తగ్గుతుంది, గాలి తోసేస్తుంది. అక్కడ 0.53 గ్రాముల రకమే మేలు.

మక్క చేలల్లోకి వచ్చే అడవి పందుల మీద, తోటల్లోని చిలుకలు, నెమళ్ల మీద దీన్ని ఎక్కుపెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఈ శక్తికి పంది చావదు, పుండుపడి రోజుల తరబడి బాధపడుతుంది.

వానకాలంలో పెల్లెట్ డబ్బాను గట్టిగా మూసి, లోపల తేమ పీల్చే సిలికా పొట్లం వేసి పెట్టండి. తెల్లటి పొడి పట్టినవి కనిపిస్తే బ్యారెల్‌లో వేయొద్దు. అది ఆక్సీకరణం చెందిన సీసం, పీల్చినా మింగినా విషమే. ఉత్త చేతులతో తీయకుండా కవర్‌లో కట్టి, పెట్టెలో దొరికిన వాడిన సీసంతో పాటు సీసం కొనే పాత సామాన్ల దుకాణంలో ఇవ్వండి.