ఏఆర్‌డీఎస్ రోగికి సీఆర్ఆర్‌టీ: మొదలుపెట్టే ముందు, పెట్టాక

ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రోగికి సీఆర్ఆర్‌టీతో, అంటే రోజంతా ఆగకుండా మెల్లగా నడిచే డయాలసిస్ మిషన్‌తో, రక్తం వడకడితే మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే సైటోకైన్లు పోతాయని, దాంతో ఊపిరితిత్తి కుదుటపడుతుందని చాలామంది ఆశపడ్డారు. సెప్టిక్ షాక్‌తో (ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోవడం) పాటు కిడ్నీ దెబ్బతిన్న రోగుల్లో, గంటకు కిలోకు 70 మి.లీ. చొప్పున వడకట్టి చూసిన ఐవాయిర్ ట్రయల్ (2013)లో 35 మి.లీ. కన్నా మరణాలేమీ తగ్గలేదు. అందుకే ఏఆర్‌డీఎస్ ఉందన్న ఒక్క కారణంతో మిషన్ పెట్టకండి. మూత్రం ఆగిపోయి పొటాషియమో ఆమ్లమో అదుపు తప్పినప్పుడు, లాసిక్స్‌కు (మూత్రం పెంచే మందు) లొంగని నీరు ఒంట్లో పేరుకున్నప్పుడు పెట్టండి.

క్యాథెటర్‌కు (రక్తం తీసి తిరిగిచ్చే గొట్టం) మొదటి చోటు మెడ కుడివైపు జుగులార్ సిర, సుమారు 15 సెం.మీ. పొడవు. కుదరకపోతే తొడ సిర, 24–25 సెం.మీ. తొడలో పొట్టిది వేస్తే రక్తం సరిగా రాదు, పైగా వడకట్టిన రక్తాన్నే మళ్లీ లాగుతుంది.

డోసు, అంటే ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే నీరు, గంటకు కిలోకు 25 మి.లీ.; 60 కిలోల మనిషికి 1500. ఒంటి నుంచి తీసే నీరూ ఇందులో భాగమే. ఫిల్టర్ గడ్డకట్టడానికి ఒక ముఖ్య కారణం, రక్తప్రవాహానికి మించి నీరు పిండడం. రక్తప్రవాహం నిమిషానికి 200 మి.లీ., హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 30 శాతం అనుకోండి. గంటకు 8400 మి.లీ. ప్లాస్మా వెళ్తుంది, రీప్లేస్‌మెంట్ (తీసిన నీటికి బదులు ఇచ్చే ద్రవం) అంతా ఫిల్టర్ తర్వాతే ఇస్తే అందులో 18 శాతం పిండుతున్నట్టు. ప్రవాహం 150కి దించితే 24 శాతం, 100కి దించితే 36. 25 శాతం దాటితే రక్తం చిక్కబడి ఫైబర్లు మూసుకుపోతాయి. ప్రవాహం పెంచండి, లేదా రీప్లేస్‌మెంట్‌లో కొంత ఫిల్టర్‌కు ముందే ఇవ్వండి.

ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ వాడితే ఫిల్టర్ తర్వాత అయొనైజ్డ్ కాల్షియం (దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్నది) లీటరుకు 0.25–0.35, రోగిలో 1.0–1.2 మి.మోల్ ఉండాలి. మొత్తం కాల్షియంను రోగి అయొనైజ్డ్ కాల్షియంతో భాగిస్తే 2.5 దాటిందంటే కాలేయం సిట్రేట్‌ను అరిగించలేకపోతోందని అర్థం. సిట్రేట్ తగ్గించండి, లేదా ఆపండి.

నీరు గంటకు 60–100 మి.లీ. చొప్పున తీస్తే చాలు. బీపీ పడితే తీయడం ఆపండి, మిషన్ కాదు.

బోర్లా తిప్పేటప్పుడు ఒక మనిషి క్యాథెటర్, లైన్లు తప్ప ఇంకేదీ పట్టుకోకూడదు. తిప్పగానే యాక్సెస్ ప్రెషర్ (క్యాథెటర్ నుంచి రక్తం లాగే ఒత్తిడి) మైనస్ 200 mmHg దాటి అలారం మోగితే ముందు మెలిక వెతకండి. ఫ్లష్ ఆ తర్వాతే. టీఎంపీ (ఫిల్టర్ పొరకు ఇరువైపులా ఉండే ఒత్తిడి తేడా) గంట గంటకూ మెల్లగా పెరుగుతుంటే ఫిల్టర్ మూసుకుపోతోంది. పూర్తిగా గడ్డకట్టకముందే రక్తం తిరిగిచ్చి సెట్ మార్చండి.

మిషన్ ఒంటిని చల్లబరుస్తుంది, జ్వరం బయటపడదు. మిషన్ మందులనూ తీసేస్తుంది కాబట్టి యాంటీబయాటిక్ డోసులు మళ్లీ లెక్కకట్టండి. ఫాస్ఫేట్ రోజూ చూడండి. అది పడిపోతే ఊపిరి కండరాలు నీరసించి వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది.