మహేంద్రగిరి ఎక్కినవాళ్లు సందక్‌ఫు ట్రెక్‌కి ఎలా సిద్ధం కావాలి?

బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లకి కొండలు కొత్త కాదు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాం కదా అన్న ధైర్యంతో హిమాలయాల ట్రెక్‌కి పేరిచ్చేస్తారు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కొరాపుట్‌లోని దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తైనది, అదీ 1,672 మీటర్లే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. మన కొండల మీద కాళ్లు గట్టిపడతాయి గానీ, పల్చటి గాలి అలవాటు కాదు.

1. ముందు కొండని ఎంచుకోండి. మొదటిసారికి పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫు (3,636 మీటర్లు) మంచిదని నా అభిప్రాయం. ఆకాశం తేటగా ఉంటే కాంచన్‌జంగా, ఎవరెస్టు రెండూ కనిపిస్తాయి. అస్సాం వెళ్లే కొన్ని రైళ్లు బరంపురంలో ఆగి, న్యూ జల్పాయిగురి మీదుగానే వెళ్తాయి. అక్కడి నుంచి జీపులో, నడక మొదలయ్యే మానేభంజన్ చేరాలి. దారి సింగలీలా నేషనల్ పార్కులోంచి వెళ్తుంది, గైడ్ తప్పనిసరి. వానాకాలంలో పార్కు మూసేస్తారు. అక్టోబరు, నవంబరు నెలలు చూసుకోండి.

2. రెండు నెలల ముందు నుంచి కాళ్ల పని పట్టండి. రోజూ గంట నడక, వారానికోసారి కొండ. వీపు మీద ఆరేడు కిలోల బ్యాగు ఉండాలి. బండి మీద పైదాకా వెళ్లి దణ్ణం పెట్టుకొస్తే అది లెక్కలోకి రాదు! పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగేంత నిదానమే సరైన వేగం. మోకాళ్లు, తొడలు అసలు దెబ్బతినేది దిగేటప్పుడు, అందుకే దిగడం కూడా సాధన చేయాలి. ట్రెక్‌కి వేసుకెళ్లే బూట్లతోనే దిగి చూడండి. బొటనవేలు ముందుకి తగులుతుంటే సైజు చాలదన్నమాట.

3. డాక్టర్‌ని కలవండి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే మరీ ముఖ్యం. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడగండి. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పండి.

4. డబ్బు కట్టేముందు రోజువారీ ప్లాన్ అడగండి. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికీ మర్నాటి రాత్రి పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు మించకూడదు. మొదటి రాత్రి తుమ్లింగ్, రెండోది కాలీపోఖ్రి, మూడోది సందక్‌ఫు అయితే సరిపోతుంది. ఒక రోజు తగ్గిస్తాం, ఖర్చు కలిసొస్తుంది అంటే ఒప్పుకోకండి.

5. సామాను తక్కువే. కాటన్ బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరవు, ఆగగానే చలి పట్టేస్తుంది. త్వరగా ఆరే చొక్కా, ఉన్ని స్వెటర్, గాలి ఆపే జాకెట్ ఒకదాని మీద ఒకటి వేసుకోండి. టోపీ, గ్లవ్స్, రెయిన్‌కోట్, టార్చ్ కావాలి. దారి నేపాల్ సరిహద్దు వెంబడే సాగుతుంది కాబట్టి ఒరిజినల్ ఐడీ ఉండాలి.

6. పైన మొహమాటం పనికిరాదు. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం, వీటిలో ఏది మొదలైనా వెంటనే గైడ్‌కి చెప్పండి. తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించేయాలి. సందక్‌ఫుకి జీపు దారి ఉంది, బండి అద్దె గురించి బేరాలు తర్వాత చూసుకోవచ్చు.