రాజ్యాంగం ఏ రకమో గుర్తించడం, దాని లాభనష్టాలు తూచడం ఎలా?

లిఖిత, అలిఖిత. దృఢ (మార్చడం కష్టం), అదృఢ (మార్చడం తేలిక). సమాఖ్య (అధికారం కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచినది), ఏకకేంద్ర (అధికారం ప్రధానంగా కేంద్రం చేతిలోనే ఉన్నది). పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలన గురించిన పాఠం చదివే ప్రతి ఒక్కరూ ఈ జంటల్ని బట్టీ పడతారు. వాటిని ప్రశ్నలుగా మార్చుకుంటే ఏ దేశ రాజ్యాంగాన్నయినా సొంతంగా చదువుకోవచ్చు. ఈ ప్రశ్నలన్నిటిలో రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగండి. రాజ్యాంగాన్ని మార్చాలంటే ఎవరు ఒప్పుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. దేశంలో అసలు అధికారం ఎవరి చేతుల్లో ఉందో అక్కడే బయటపడుతుంది.

1. అంతా ఒకచోట రాసి ఉందేమో చూడండి

మన రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అమెరికా తన రాజ్యాంగాన్ని 1787లో రాసుకుంది. బ్రిటన్‌లో అలాంటి ఒకే పుస్తకం లేదు. 1689 నాటి హక్కుల చట్టం, 1911 నాటి పార్లమెంటు చట్టం, కోర్టు తీర్పులు, తరాలుగా పాటిస్తున్న సంప్రదాయాలు అన్నీ కలిపి చూసుకోవాలి. కాబట్టి అలిఖితం అనగానే అక్కడ కాగితం మీద ఏమీ లేదనుకోకండి. ఉన్నదాన్ని ఒకచోట చేర్చలేదు, అంతే.

రాత ఉంటే పౌరుడికి పట్టు దొరుకుతుంది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే ఆర్టికల్ 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు. ఉత్త సంప్రదాయాన్ని ఎవరైనా తప్పితే కోర్టుకెక్కి సాధించేది దాదాపు ఉండదు. నోటిమాటకూ రాతకూ ఉన్న తేడా ఆంధ్రప్రదేశ్‌కు బాగా తెలుసు. 2014 ఫిబ్రవరి 20న ప్రధాని రాజ్యసభలో ప్రకటించిన ప్రత్యేక హోదా విభజన చట్టంలోకి ఎక్కలేదు, తర్వాత అమలూ కాలేదు.

రాతతో ఇబ్బందీ ఉంది. పుట్టుకతోనే 395 ఆర్టికల్స్, 8 షెడ్యూళ్లున్న మన రాజ్యాంగం మామూలు మనిషి కూర్చుని చదువుకునేలా లేదు.

2. మార్చే పద్ధతి చదవండి

దృఢమా, అదృఢమా అన్నది ఇక్కడే తేలుతుంది. అమెరికాలో సవరణకు కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. ఇన్నేళ్లలో చేరినవి 27 సవరణలే. 27వది కాంగ్రెస్ సభ్యుల జీతాల గురించినది. దాన్ని 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది! స్త్రీపురుష సమానత్వంపై కాంగ్రెస్ 1972లో పంపిన సవరణకైతే గడువులోగా 38 రాష్ట్రాలు దొరకలేదు. దృఢత్వం హక్కుల్ని కాపాడుతుంది, అవసరమైన మార్పునూ ఆపుతుంది.

బ్రిటన్ దీనికి పూర్తిగా ఎదురు. పార్లమెంటు గడువు అయిదేళ్లని 2011లో మామూలు చట్టంతో బిగించారు. 2019లో ఇంకో మామూలు చట్టంతో ముందస్తు ఎన్నికలు పెట్టుకున్నారు. 2022లో అసలు చట్టాన్నే రద్దు చేశారు. పని చకచకా జరుగుతుంది, నిజమే. కానీ ఇవాళ్టి మెజారిటీని నిలవరించేది పెద్దగా ఏమీ ఉండదు.

మన రాజ్యాంగానికి ఒకే ముద్ర వేయకండి. ఏ ఆర్టికల్‌కు ఆ ఆర్టికల్ విడిగా చూడాలి. జీఎస్టీ తెచ్చిన 101వ సవరణకు పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతులు) పాటు కనీసం సగం రాష్ట్రాల ఆమోదం కావాల్సి వచ్చింది. అదే ఒక రాష్ట్రాన్ని రెండుగా చేయడానికి ఆర్టికల్ 3 ప్రకారం పార్లమెంటులో సాధారణ మెజారిటీ చాలు. రాష్ట్రపతి బిల్లును ఆ రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి, అంతే. ఒప్పుకోవాలన్న నియమం లేదు. అందుకే 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

పన్నుల విధానం మార్చాలంటే సగం రాష్ట్రాలు తలూపాలి, రాష్ట్రం హద్దులే మార్చాలంటే ఆ రాష్ట్రం కూడా ఒప్పుకోనక్కర్లేదు. ఇది లోపమేనా? పెద్ద రాష్ట్రం అనుమతి తప్పనిసరై ఉంటే 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర, 2014లో తెలంగాణ విడివడడం ఎంత కష్టమయ్యేదో ఆలోచించండి. అందుకే ఈ వెసులుబాటు ఉండాలనే నా అభిప్రాయం. అయితే దానివల్ల రాష్ట్రం ఉనికే ఢిల్లీలో సాధారణ మెజారిటీ చేతిలో ఉంటుంది. ఆ బరువు తక్కువది కాదు.

3. అసలు మార్చకూడనివి ఉన్నాయా?

జర్మనీ 1949 నాటి తన రాజ్యాంగంలోనే రాసిపెట్టుకుంది. మానవ గౌరవానికి సంబంధించిన సూత్రాలనూ సమాఖ్య స్వరూపాన్నీ ఏ సవరణా తాకకూడదు. మన దగ్గర ఆ గీత గీసింది సుప్రీంకోర్టు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల్లో ఏడుగురు, ‘మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదు’ అన్నారు. ఇది గొప్ప రక్షణ. మౌలిక స్వరూపం అంటే ఏమిటో మాత్రం రాజ్యాంగంలో జాబితా లేదు, కేసు వచ్చినప్పుడల్లా కోర్టే చెప్పాలి.

4. అధికారాల పంపకం చూడండి

మన ఏడో షెడ్యూలు తెరిస్తే కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు కనిపిస్తాయి. పోలీసు, ప్రజారోగ్యం, వ్యవసాయం రాష్ట్రాలవి. విద్య కూడా ఒకప్పుడు చాలావరకు రాష్ట్రాలదే. అత్యవసర పరిస్థితి నడుస్తుండగా వచ్చిన 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. సమాఖ్యలో స్థానిక అవసరాలకు చోటుంటుంది, తగవులూ ఎక్కువే. ఫ్రాన్స్ లాంటి ఏకకేంద్ర దేశంలో చట్టం చాలావరకు అంతటా ఒకటే కానీ దూరప్రాంతాల మాట రాజధానికి చేరడం కష్టం.

5. ప్రభుత్వాన్ని ఎవరు దించగలరు?

1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో పడిపోయింది. పార్లమెంటరీ పద్ధతిలో జవాబుదారీతనం అంత పదునుగా ఉంటుంది, అస్థిరతా అక్కడి నుంచే వస్తుంది. అమెరికా అధ్యక్షుణ్ని అభిశంసనతో తప్ప కాంగ్రెస్ దించలేదు. నాలుగేళ్ల స్థిరత్వం ఉంటుంది కానీ ఇద్దరికీ పడకపోతే బడ్జెట్ ఆగి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి.

6. ఒక ఆర్టికల్‌తో సాధన చేయండి

శాసనమండలి గురించిన ఆర్టికల్ 169 తీసుకోండి. అసెంబ్లీ తీర్మానానికి మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. ఆ తర్వాత పార్లమెంటు మామూలు చట్టం చేయాలి. ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో అసెంబ్లీ మళ్లీ రద్దు కోరినా పార్లమెంటు చట్టం చేయకపోవడంతో మండలి నడుస్తూనే ఉంది. 2021 నవంబరులో అసెంబ్లీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఇందులో దృఢత్వం ఎంత, రాష్ట్రం చేతిలో ఉన్నదెంత, కేంద్రం చేతిలో ఉన్నదెంత? పై ప్రశ్నలు వేసుకుంటూ మీరే రాసి చూడండి.