కోవర్ట్ యాక్షన్ ఆడదాం – 3వ పాఠం: రహస్య సందేశం విప్పడం

పోయిన పాఠంలో ఫోన్ ట్యాపింగ్ చూశాం కదా, చిప్‌లు అటూ ఇటూ మార్చి మార్చి చాలామందికి విసుగొచ్చే ఉంటుంది. ఈసారి పని దానికంటే హాయి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు: ఇది 1990లో మైక్రోప్రోస్ కంపెనీ తెచ్చిన కంప్యూటర్ ఆట, తయారుచేసింది సిడ్ మేయర్ అనే ఆటల డిజైనర్; మనం మ్యాక్స్ రెమింగ్‌టన్ అనే గూఢచారి, సీఐఏ కోసం పనిచేస్తాం. ఇప్పటి కంప్యూటర్లలో డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటల్ని నడిపే ప్రోగ్రామ్) వేసుకుని ఆడుకోవచ్చు.

చేతికొచ్చిన సందేశం చూడ్డానికి పిచ్చి రాతలా ఉంటుంది గానీ లోపల ఉన్నది ఒక్కటే కిటుకు, ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం, మొదటినుంచి చివరిదాకా అదే మార్పు. పక్కన టైమ్ అయిపోతుంటే టెన్షన్‌లో తోచిన అక్షరం కొట్టేస్తాం. నేనూ అలాగే రెండు మూడు కేసులు చెడగొట్టుకున్నా. ముందు లెక్కపెట్టండి. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ‘ఇ’, దాని వెనకే ‘టి’.

నేనే అల్లిన సందేశం ఒకటి చూద్దాం. అందులో ‘క్యూ ఎమ్ కె’ అనే మూడక్షరాల మాట మూడుసార్లు వచ్చింది, అది దాదాపు ‘ది’యే. అంటే క్యూ = టి, ఎమ్ = హెచ్, కె = ఇ. ఇంకోచోట ‘క్యూ ఎమ్ జెడ్ క్యూ’ ఉంది, మొదటా చివరా ‘టి’, మధ్యలో ‘హెచ్’, ఇంకేముంది, ‘దట్’. జెడ్ = ఏ దొరికేసింది.

చివర్లో ‘వి హెచ్’, దాని పక్కన ‘బి జెడ్ వి ఎఫ్ ఎన్’. ఐదక్షరాలు, రెండోది ‘ఏ’. మన కేసులో ప్యారిస్, కైరో రెండూ ఉన్నాయనుకోండి, స్పెల్లింగు లెక్కన రెండూ సరిపోతాయి! ప్యారిస్ అయితే ‘వి’ అంటే ‘ఆర్’ అవ్వాలి, కానీ ‘ఆర్’తో మొదలయ్యే రెండక్షరాల మాట ఇక్కడ ఏముంటుంది? కైరో అయితే ‘వి’ అంటే ‘ఐ’. కైరోనే.

విప్పగానే ఊరు, మనిషి, ముఠా పేర్లు నోట్‌బుక్‌లో రాసేసుకోండి. ఒక స్థావరంలో దూరి బయటికొచ్చేసరికి అసలు కథ మర్చిపోతాం, ఆ లోపాన్ని సిడ్ మేయరే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ దూరడం సంగతి 4వ పాఠంలో.

ఈలోగా ‘వి హెచ్’లో ఆ ‘హెచ్’ ఏమిటో మీరే తేల్చండి. ‘టి’ మాత్రం కాదు, దాన్ని ‘క్యూ’ ఎప్పుడో పట్టుకుపోయింది.